మారుతి 800 ఇంజన్ డైరీ: బోర్ పోయిందన్నారు, ముందు కొలిచి చూద్దాం

జనవరి

బండి 1997 మోడల్ మారుతి 800. కార్బురేటర్‌ది, నాలుగు గేర్లది. మా మేనమామ షెడ్డులో చాలాకాలం కదలకుండా ఉండి నా దగ్గరికి వచ్చింది. స్టార్ట్ అవుతుంది. కానీ ఐడిల్‌లో పెడితే అద్దాలతో సహా ఊగిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరు. కాస్త దూరం పోగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి గానీ కింద చుక్క కనపడదు.

చూసిన మెకానిక్కులందరిదీ ఒకటే మాట: "బోర్ అయిపోయింది సార్. విప్పి లాభం లేదు, సెకండ్ హ్యాండ్ ఇంజన్ పెట్టేద్దాం." అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని.

నాకు ఇష్టం లేదు. సెంటిమెంట్ సంగతి తర్వాత, ముందు కాగితాల సంగతి. ఇంజన్ నంబరు బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) మీద కొట్టి ఉంటుంది, ఆర్సీలో అదే నంబరు ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది ఆ నంబర్లే. ఇంజన్ మారిస్తే దాన్ని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఎక్కడిదో తెలియని ఇంజన్‌కి బిల్లు, పాత బండి వివరాలు తెచ్చుకునే టెన్షన్ కంటే ఉన్నదాన్ని బాగుచేసుకోవడం నయం. పైగా ఆ "సెకండ్ హ్యాండ్" ఇంజన్ బోర్ ఎంత అరిగిందో ఎవరు చూశారు?

ఇంకో కారణం ఇంజన్ గురించి నాకున్న నమ్మకం. దీంట్లో చివరగా చచ్చేది బ్లాకే. అంతకంటే ముందు నీళ్లు, రబ్బరు, ఇగ్నిషన్ చెడిపోతాయి. వాటి పాపం పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద పడుతుంది.

అసలు ఇది ఏ ఇంజన్

పేరు ఎఫ్8బీ. మూడు సిలిండర్లు, 796 సీసీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72 మి.మీ. బ్లాకు పోత ఇనుము, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు అల్యూమినియం. పైన వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకటే, దాన్ని తిప్పేది చెయిన్ కాదు, పళ్ల రబ్బరు బెల్టు. సిలిండర్‌కి రెండు వాల్వులు, మొత్తం ఆరు. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లోని గాలిని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క, 8.7:1. కాగితం మీద పవర్ నలభై హార్స్‌పవర్‌కి కాస్త లోపు, టార్క్ 59 న్యూటన్ మీటర్ల దగ్గర. వినడానికి తక్కువే. బండి బరువు 650 కిలోల దరిదాపుల్లోనే కాబట్టి సరిపోతుంది.

జపాన్‌లో ఆ రోజుల్లో చిన్న కార్లకి 550 సీసీ హద్దు ఉండేది, అందుకని అక్కడి బండ్లలో 543 సీసీ ఇంజన్ వేసేవారు. మనకి ఆ హద్దు లేదు, పెద్దది వచ్చింది. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి బండి తాళాలు హర్పాల్ సింగ్ చేతికిచ్చిన రోజు నుంచి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేదాకా 800 అంటే 796 సీసీయే. మధ్యలో ఇంజెక్షన్ వచ్చింది, సిలిండర్‌కి నాలుగు వాల్వుల రకం కూడా కొన్నాళ్లు నడిచింది. ఓమ్నీ సీటు కింద ఉండేదీ ఇదే కుటుంబం. దేవూ మాటిజ్ కారు ఇంజన్ కూడా సుజుకి నుంచి లైసెన్సు తీసుకున్నదే, బోరూ స్ట్రోకూ అచ్చంగా ఇవే కొలతలు.

మూడు సిలిండర్లంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి పేలుతుంది. నాలుగు సిలిండర్ల బండికి అలవాటుపడ్డ చేతికి ఐడిల్‌లో కొంచెం ఊపు తెలుస్తుంది, అది జబ్బు కాదు. కానీ ఒక్కటి మిస్సయిందంటే ఇంజన్ మూడోవంతు పోయినట్టే. నా బండిలో ఉన్నది ఈ రెండో రకం ఊపు.

జనవరి చివర: విప్పకముందు కొలతలు

కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాను. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, మూడు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ వదిలేస్తే గాలి లోపలికి పోక అన్నీ తక్కువే చూపిస్తాయి. చాలామంది ఇక్కడే మంచి ఇంజన్‌ని పాడైందని తేల్చేస్తారు.

టైమింగ్ బెల్ట్ వైపున్నది ఒకటో నంబరు. చదరపు సెంటీమీటరుకి కేజీల లెక్కన: ఒకటోది 11.5, రెండోది 8, మూడోది 7.5.

సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీ మించకూడదు. ఇక్కడ మూడున్నర, నాలుగు ఉంది. అయితే తక్కువున్న రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రింగులు అరిగితే మూడూ ఇంచుమించు ఒకేలా పడిపోవాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే హెడ్డుకీ బ్లాకుకీ మధ్యనుండే ప్యాకింగ్ అక్కడ తెగి ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోతోందని అనుమానించాలి.

తర్వాత ప్రతి సిలిండర్‌లో ప్లగ్ కన్నంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాను. రింగుల దగ్గర లీకైతే ఆయిల్ ఆ సందు మూస్తుంది, రీడింగ్ బాగా పెరుగుతుంది. ఒకటోది 12 అయింది. మిగతా రెండూ ఉన్నచోటే ఉన్నాయి. అంటే గాలి కిందకి పోవడం లేదు.

మూడో ప్లగ్ కూడా సాక్ష్యం చెప్పింది. మిగతా రెండూ నల్లగా మసిపట్టి ఉంటే ఇది మాత్రం కడిగి ఆరబెట్టినట్టుంది. నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఆవిరైతే లోపలంతా అలాగే శుభ్రమవుతుంది. కింద చుక్క కనపడకుండా నీళ్లు ఎటు పోతున్నాయో తెలిసిపోయింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి రేజ్ చేస్తే బుడగలు. డిప్‌స్టిక్ మీద మీగడలాంటి తెల్లటి నురగ లేదు, కాబట్టి నీళ్లు ఆయిల్‌లో కలవలేదు.

హెడ్డు దించుదాం, ఇంజన్ దించక్కర్లేదు అని ఇక్కడ నిర్ణయమైపోయింది.

ఫిబ్రవరి: హెడ్డు కిందకి

పని పెద్దదేం కాదు. నీళ్లు వదిలేయడం, బెల్టు కవరు తీసి గుర్తులు కలిపి బెల్టు వదులు చేయడం, మానిఫోల్డులు, టాపెట్ కవరు, చివరికి హెడ్ బోల్టులు. బోల్టులు చివర్ల నుంచి మధ్యకి, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. అల్యూమినియం హెడ్డు కదా, ఒక మూల ముందే వదిలేస్తే ఉన్న వంకరకి ఇంకోటి తోడవుతుంది. సైలెన్సర్ స్టడ్లు మాత్రం తుప్పుకి కదల్లేదు, రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నానబెట్టాల్సొచ్చింది.

ప్యాకింగ్ చూడగానే సంగతి అర్థమైంది. రెండు, మూడు సిలిండర్ల మధ్య సన్నటి వంతెన నల్లగా మాడి తెగిపోయింది. మూడో సిలిండర్ పక్కన నీటి కన్నం అంచు కూడా తినేసింది.

ప్యాకింగ్ తనంతట తాను కాలదు. ఎందుకు కాలిందో వెతక్కపోతే కొత్తదీ కాలుతుంది. అందుకే ఈసారి ఎక్కువ సమయం నీళ్ల దారి మీదే పెట్టాను.

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వు. దాని మూత విప్పితే లోపల ఖాళీ. ఎవరో ఎప్పుడో తీసేశారు. మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు అనే మాట ప్రతి గ్యారేజీలో వినపడుతుంది. అది తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతదాకా చోక్ మీద, చిక్కటి మిక్చర్ మీద నడుస్తుంది, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. బోర్ నిజంగా అరిగే దారి అది. పైగా బండి మరిగితే ఇది తీసేయడం అసలు కారణాన్ని దాచిపెట్టడమే. ఈ బండిలో దాచిన కారణాలు ఒకటి కాదు.

రేడియేటర్ దించి పట్టుకుంటే మామూలు కంటే బరువుంది. ఇన్నేళ్లూ బోర్‌వెల్ నీళ్లు పోశారు. ఆ నీళ్లలో సున్నం వేడికి గొట్టాల లోపల గారలా పేరుకుపోతుంది. రాగి-ఇత్తడి రేడియేటర్ కాబట్టి పై తొట్టి అతుకు విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి గార తీయడం) చేయించాను, కింద గుప్పెడు తెల్లటి పొడి రాలింది. కొత్త అల్యూమినియం రేడియేటర్లకి ఈ సౌకర్యం లేదు, పోతే మార్చడమే.

ఫ్యాన్ మోటార్ బాగానే ఉంది, డైరెక్టుగా కరెంటిస్తే తిరుగుతుంది. దాన్ని ఆన్ చేసే థర్మో స్విచ్ చచ్చిపోయింది. డాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టి చేత్తో వేసుకునేలా వైరు లాగి ఉంది. వేయడం మర్చిపోతే అంతే సంగతులు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ ఫ్యాన్ తప్ప రేడియేటర్‌కి గాలి తగిలించేది ఏదీ లేదు.

బ్లాకు పక్కన ఒక వాటర్ ప్లగ్ (నీటి దారి కన్నాన్ని మూసే రేకు బిళ్ల) మీద ఎపాక్సీ ముద్ద. గీకితే లోపల సూది మొనంత కన్నం. కూలెంట్ లేకుండా ఒట్టి నీళ్లతో నడిపితే ఈ రేకు బిళ్లలు లోపలి నుంచి తుప్పు పడతాయి. అన్నీ మార్చేశాను. వాటర్ పంప్ షాఫ్ట్‌కి ఆట లేదు, పంపు లీకైతే నీళ్లు బయటపడే వీప్ హోల్ పొడిగా ఉంది. అయినా బెల్టు విప్పి ఉన్నప్పుడే అదీ మార్చేస్తే మళ్లీ ఆ పని పెట్టుకోనక్కర్లేదు.

బోర్ సంగతి తేల్చేద్దాం

హెడ్డు లేదు కాబట్టి బోర్ గేజ్ పెట్టే అవకాశం వచ్చింది. పై భాగం, మధ్య, కింద, మళ్లీ అడ్డంగా కొలిచాను. ఒకటో సిలిండర్ పైన 68.54, కింద 68.52. మిగతా రెండూ అంతే, ఒక్క పాయింటు అటూ ఇటూ. ఫ్యాక్టరీలో గీసిన హోనింగ్ అడ్డగీతలు కింద సగంలో ఇంకా కనపడుతున్నాయి. పైన రింగు ఆగే చోట అంచు గోటికి తగిలీ తగలనట్టుంది.

"బోర్ అయిపోయింది సార్" అన్న ఇంజన్ ఇదే.

నిజంగా అరిగి ఉంటే 0.25, 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయి. బోరింగ్ చేయించి 0.50 వేస్తే వ్యాసం 69 మి.మీ., లెక్క కట్టి చూస్తే ఇంజన్ 808 సీసీకి దగ్గరవుతుంది. వెనక 800 అని రాసి ఉన్నందుకు అప్పుడు కాస్త న్యాయం జరిగేది!

హెడ్డు అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చితే రెండు, మూడు మధ్యలో 0.10 మి.మీ. ఆకు దూరింది. హద్దు 0.05. ఇనుప బ్లాకు ఒకంత సాగితే అల్యూమినియం హెడ్డు దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ప్యాకింగ్ ఆ తేడాని ఓర్చుకుంటుంది. నీళ్లు లేక మరిగితే ఓర్చుకోలేదు, హెడ్డు వంగుతుంది.

లేత్ షాపులో ఫేసింగ్‌కి, అంటే హెడ్డు అడుగు చదును చేయడానికి, ఇచ్చాను. "ఎంత తీయమంటావు?" అని అడిగితే "వంకర పోయేంత, అంతకంటే ఒక్క పాయింటు వద్దన్నా" అన్నాను. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరుగుతుందని భయపెడతారు గానీ ఈ కొలతకి అది పెద్ద విషయం కాదు. ఒక సిలిండర్ 265 సీసీ, 8.7 రేషియో అంటే దహన గది 34.5 సీసీ చుట్టూ ఉంటుంది. పదోవంతు మిల్లీమీటరు తీస్తే తగ్గేది 0.4 సీసీ కూడా ఉండదు, రేషియో 8.8 దాటదు. గమనించాల్సింది ఇంకోటి: హెడ్డు కిందకి దిగితే క్యామ్ పుల్లీ క్రాంక్‌కి దగ్గరవుతుంది, ఆ మిగిలిన బెల్టుని టెన్షనర్ లాక్కుంటుంది, క్యామ్ టైమింగ్ రవ్వంత వెనక్కి జరుగుతుంది. ఒకసారికి పర్లేదు. మళ్లీ మళ్లీ ఫేసింగ్ చేసిన హెడ్లకి పికప్ ఎందుకు చచ్చిపోతుందో మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది.

వాల్వులు గ్రైండింగ్ చేసి కూర్చోబెట్టాం. వాల్వ్ సీల్స్ బిస్కెట్లలా విరిగాయి. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి తర్వాత ఆగిపోతే ఈ సీల్సే కారణం. రింగులు పోతే పొగ దారి పొడుగునా వస్తుంది, రేజ్ చేసిన ప్రతిసారీ పెరుగుతుంది. దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో, ఈ బండి అప్పటికే మూడేళ్లది. సీట్లు లోపలికి దిగిపోయాయేమో అని చూశాను. అల్యూమినియంలో విడిగా బిగించిన గట్టి రింగులవి, బాగానే ఉన్నాయి.

మార్చి: బిగింపు

కొత్త ప్యాకింగ్, శుభ్రం చేసిన బోల్టు కన్నాలు. కన్నాల్లో ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగిలితే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది, బ్లాకు పగిలినా ఆశ్చర్యం లేదు. మధ్య నుంచి బయటికి, విడతలుగా, మాన్యువల్ చెప్పిన టార్క్ వరకు. కొత్త బెల్టు గుర్తులు కలిపి వేసి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ గుర్తులు చూశాను. పాత బెల్టు కిలోమీటర్ల లెక్కలో పెద్దగా తిరగలేదు, కానీ వేళ్లతో వెనక్కి వంచితే పళ్ల మొదట్లో చీలికలు. రబ్బరుకి మీటర్ రీడింగ్‌తో పని లేదు, కాలం చాలు.

థర్మోస్టాట్ తిరిగి వచ్చింది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. డాష్‌బోర్డు కింది స్విచ్ పీకేసి కొత్త థర్మో స్విచ్ పెట్టాను.

ఆయిల్ 20డబ్ల్యూ-40. ఫిల్టర్‌తో కలిపినా మూడు లీటర్ల లోపే పడుతుంది. ఇంత తక్కువ ఆయిల్ ఉన్న ఇంజన్‌లో అర లీటరు తగ్గడం చిన్న విషయం కాదు, డిప్‌స్టిక్ చూసే అలవాటుండాలి.

కంప్రెషన్ మళ్లీ చూస్తే 12, 11.8, 11.8. బోర్ ముట్టలేదు, రింగు మార్చలేదు.

మార్చి చివర, ఏప్రిల్: ఇంజన్ బాగుంది, పెట్రోలు కుదరలేదు

మెత్తగా నడుస్తోంది, ముల్లు మధ్యలో నిలబడింది. కానీ వేడి మీద ఆపి కాసేపాగి స్టార్ట్ చేస్తే మొండికేస్తోంది, సాఫీగా పోతూ యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఒక తడబాటు. ఐడిల్‌లో పెట్రోలు దారి తెరిచే సొలినాయిడ్‌కి కరెంటు అందుతోంది, కీ తిప్పినప్పుడు టిక్‌మంటోంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పక్కనున్న వాక్యూమ్ అడ్వాన్స్ (ప్లగ్ మెరుపుని ముందుకి జరిపేది) గొట్టాన్ని నోటితో పీలిస్తే పట్టు లేదు, లోపల డయాఫ్రమ్ చిరిగింది. అది మార్చాక తడబాటు సగం తగ్గింది.

మిగతా సగం పెట్రోలుది. 2023లో మొదలై 2025 నాటికి బంకుల్లో దాదాపు అంతటా ఈ20 వచ్చేసింది, ఐదోవంతు ఇథనాల్. ఒట్టి పెట్రోలు ఒక కేజీ పూర్తిగా కాలడానికి 14.7 కేజీల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ20కి లెక్క కడితే 13.5 వస్తుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే చూసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి కళ్లు లేవు, జెట్ కన్నం ఎంతుంటే అంతే వదులుతుంది. కాబట్టి మిక్చర్ ఎనిమిది శాతం పల్చనవుతుంది. పల్చటి మిక్చర్ అంటే తడబాటు, వేడి. కొత్తగా ఫేసింగ్ చేసిన హెడ్డుకి ఆ వేడి నాకిష్టం లేదు.

కన్నం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు. ప్రైమరీ మెయిన్ జెట్ ఆ మేరకు పెద్దది వేశాను, ఐడిల్ మిక్చర్ స్క్రూ విడిగా సర్దాను. జెట్‌ని సూదితో పెద్దది చేసే పద్ధతి ఒకటుంది, దయచేసి ఆ జోలికి పోవద్దు. కన్నం గుండ్రం పోతుంది, ఎంత పెరిగిందో కొలవలేరు, వెనక్కి రాలేరు.

ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి కార్బురేటర్‌కి, రిటర్న్‌కి ఉన్న గొట్టాలన్నీ మార్చి ఎస్ఏఈ జే30ఆర్9 రకం వేశాను, లోపలి పొర ఫ్లోరో రబ్బరుది. మెకానికల్ పంపు డయాఫ్రమ్ గట్టిపడి ఉంది, అదీ మార్చాను. అది లోపల చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్‌కి పెట్రోలు వాసనొస్తే, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగితే ముందు అక్కడ చూడాలి. ఇథనాల్ గాలిలోని తేమ కూడా పీల్చుకుంటుంది, ట్యాంకు సగం ఖాళీగా నెలల తరబడి నిలబెట్టే బండ్లకి ఇది అసలు పడదు.

ప్లగ్గులు ఇప్పుడు మూడూ ఒకే రంగులో, లేత గోధుమ రంగులో ఉన్నాయి. వేడి మీద మొండికేయడం తగ్గింది గానీ పోలేదు. ఎండలో ఆపితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉడికి పొంగుతోంది. యాక్సిలరేటర్ సగం తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే లేస్తోంది. కార్బురేటర్ కింద వేడి ఆపే మందపాటి ప్యాకింగ్ సన్నబడి ఉంది, కొత్తది వెతుకుతున్నాను.

మిగిలిన పని

హెడ్డు చివర డిస్ట్రిబ్యూటర్ కేస్ దగ్గర ఆయిల్ చెమ్మ. ఈ ఇంజన్లకి అది మామూలే, లోపల ఓ-రింగ్ గట్టిపడుతుంది. బయటికి కారితే మురికితో పోతుంది, డిస్ట్రిబ్యూటర్ లోపలికి పాకితే మిస్సింగ్ మొదలవుతుంది. కొత్త ఓ-రింగ్ వచ్చాక డిస్ట్రిబ్యూటర్ తీసి వేస్తాను, ఆ చేత్తోనే టైమింగ్ లైట్ పెట్టి ఇగ్నిషన్ సర్దాలి. గేరుబాక్సు వైపు ఇంజన్ మౌంటింగ్ రబ్బరు కూడా కుంగింది, ఐడిల్‌లో ఇంకా మిగిలిన కాస్త ఊపు దానిదే అనుకుంటున్నాను. హెడ్ దించాం కాబట్టి వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఇంజన్ చల్లారాక టాపెట్లు (వాల్వుల దగ్గరి సందులు) చూడాలి, కంప్రెషన్ ఇంకోసారి కొలవాలి. ఆ రీడింగులు ఇక్కడే రాస్తాను.